కురిడీ కొట్టు తాళంచెవి

మా కొట్టులో సాధన చేసి పైకొచ్చిన రాక్ బ్యాండు గురించి నాకు తెలిసింది రాయమని కొందరు అడిగారు. వాళ్ళ పాటల గురించి నాకంటే ఆ పాటలు వినే పిల్లలకే ఎక్కువ తెలుసు. నాకు బాగా తెలిసింది ఒక్క రోజు సంగతి. అది వదిలేసి మిగతాది రాస్తే అబద్ధం రాసినట్టే అవుతుంది.

మాది రాజోలుకు దగ్గరలో ఉన్న ఊరు. ఇంటి వెనక దొడ్డిలో మా తాతగారు కట్టించిన కురిడీ కొట్టు ఉంది. కొబ్బరికాయల్ని పీచుతో సహా అటక మీద నెలల తరబడి ఉంచితే లోపలి నీళ్ళు ఇంకిపోయి గుండు గలగలమంటుంది. అదే కురిడీ. ఆయన రోజుల్లో ఆ అటక ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదట. మా నాన్నగారి రోజుల్లో కోర్టు వ్యవహారాల్లో సగం తోటలు పోయాయి. మిగిలినవాటిలో చాలా భాగం నేను రొయ్యల చెరువుల్లో పోగొట్టాను. ఆ తర్వాత పాతికేళ్ళు సొసైటీలో గుమాస్తాగా పనిచేశాను. ఊళ్ళో ఎవరూ ఆ ఉద్యోగం మాట ఎత్తరు. నన్ను ఇప్పటికీ మా తాతగారి మనవడిగానే పలకరిస్తారు. నేనూ అలాగే పలికాను. ఇస్త్రీ పంచె లేకుండా వీధి అరుగు మీద కూర్చోలేదు.

నాలుగేళ్ళ క్రితం ఒక ఉదయం, మా కొబ్బరిచెట్లెక్కి కాయలు కోసి దింపు తీసే మనిషి దొడ్డి గేటు దగ్గర నిలబడి పిలిచాడు. వయసులో నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను అతన్ని చిన్నప్పటి నుంచీ ఏరా అనే పిలుస్తాను.

"మా ఓడూ, ఇంకో ముగ్గురు పిల్లలూ కలిసి పాటలు కడతన్నారండి. పేటలో వాయిస్తే చుట్టుపక్కలోళ్ళు గోల పెడతన్నారండి. తమరి కొట్టు ఖాళీగానే ఉంది కదాండీ…"

"ఏం వాయిస్తాడు నీ కొడుకు?"

"డ్రమ్సండి. చర్చిలో నేర్చుకున్నాడండి. అద్దె ఇచ్చుకుంటామంటన్నారండి."

"మా ఇంట్లో అద్దెలు పుచ్చుకోంరా. వాయించుకోమను. కాకపోతే వీధి గుమ్మంలోంచి రావద్దను. దొడ్డి గేటులోంచి వచ్చి దొడ్డి గేటులోంచే వెళ్ళాలి."

"ఆయ్. అంతేనండి. మాకలవాటేగాండీ."

చప్పుడు అవుతుందని, సామాను వీధిలోంచి తెస్తే ఇల్లు పాడవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదని అప్పుడూ తెలుసు.

నలుగురు వచ్చారు. పాడే అమ్మాయి ఒక టీచరుగారి కూతురు. గిటార్లు వాయించేది అన్నదమ్ములు. నాలుగోవాడు దింపు మనిషి కొడుకు. దొడ్డి గుమ్మం పక్కనున్న మేకుకు తాళంచెవి వేలాడేది. సాయంత్రం నాలుగింటికి వచ్చి అది తీసుకుని, ఏడింటికి మళ్ళీ అక్కడే తగిలించి వెళ్ళేవాళ్ళు. గోడల నుంచి చప్పుడు మోగకుండా పీచు బస్తాలు తెచ్చి నాలుగు వైపులా పేర్చుకున్నారు. మొదటి నెల నాకు సాయంత్రాలు మనశ్శాంతి లేదు. తర్వాత పేపరు చదివే మిషతో వెనక వసారాలో కూర్చోవడం మొదలుపెట్టాను.

నాకు సంగీతం తెలియదు. కాని ఒకటి తెలిసింది. ఆ కుర్రాడు రాని రోజున మిగతా ముగ్గురి పాట పల్లంలోకి సైకిలు జారినట్టు పరిగెత్తేది. అతను ఉంటే కాలు ఆనేది. ఎక్కువ కొట్టేవాడు కాదు. అమ్మాయి గొంతు పైకి పోయేచోట ఆపేసేవాడు. అక్కడ నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో అతనికే తెలుసన్నట్టు ముగ్గురూ అతని వంక చూసేవాళ్ళు.

వాళ్ళు సినిమా పాటలు వాయించరు. ఆ సంగతి తెలియక కొత్తపేటలో ఒక పెళ్ళివారు పిలిచారు. మర్నాడు వసారా మెట్ల మీద కూర్చుని అమ్మాయి మా ఆవిడకు చెబుతోంది.

"రెండో పాటలో ఉండగా పెళ్ళికొడుకు బాబాయిగారొచ్చేరండి. 'శుభమా అని పెళ్ళవుతుంటే ఈ ఏడుపు పాటలేంటమ్మా' అన్నారు. సినిమా పాటలు రావన్నాం. 'రాకపోతే నేర్చుకుని రావాలి' అన్నారు. అంతే, డీజే పెట్టేసుకున్నారు."

"మరి మీరేం చేశారే?" అంది మా ఆవిడ.

డ్రమ్స్ కుర్రాడు అందుకున్నాడు. "భోంచేసేమండి. పనసపొట్టు కూర చాలా బావుందండి. వీళ్ళు ముగ్గురూ పౌరుషంతో తినలేదు. వాళ్ళవీ నేనే తినేసేను."

నేను పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాను. వాళ్ళు నవ్వు చూడకూడదని.

ఏడాది గడిచేసరికి కాలేజీల్లో పిలవడం మొదలుపెట్టారు. ఆ డిసెంబరులో అమలాపురంలో పెద్ద ప్రదర్శన కుదిరింది. కొత్త బ్యాండ్లను ఎంచుకుని పాటలు రికార్డు చేయించేవాళ్ళు హైదరాబాదు నుంచి వస్తున్నారని, నచ్చితే వీళ్ళ పాట బయటికి వస్తుందని, నచ్చకపోతే అన్నదమ్ములిద్దరూ చెన్నైలో ఉద్యోగాలకు వెళ్ళిపోతారని మా ఆవిడ చెప్పింది. పిల్లలకు అది ఒక్కటే అవకాశం. నాకది బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు లేదు.

మా వైపు పిలుపుకు ఒక పద్ధతి ఉంది. పెళ్ళికైనా, గృహప్రవేశానికైనా, నాటకానికైనా ఇంటికొచ్చి నోటితో పిలవాలి. ఫోనులో చెబితే అది కబురు, పిలుపు కాదు. మా ఇంటికి ఇంకేమీ మిగలకపోయినా ఆ మర్యాద మిగిలింది. ఊళ్ళో ఏ శుభకార్యానికైనా మొదటి కార్డు మా అరుగు మీదికే వచ్చేది.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు అమ్మాయి నా ఫోనుకు వాట్సాప్‌లో పోస్టరు పంపింది. ఊళ్ళో అందరికీ పంపిందే నాకూ పంపింది. చూసి ఫోను పక్కన పెట్టాను. పిలవడానికి వస్తారులే అనుకున్నాను. మూడు సాయంత్రాలు తెల్లచొక్కా వేసుకుని వీధి అరుగు మీద కూర్చున్నాను. నా వెనక, దొడ్డిలో, వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. మా కొట్టులో ఉంటూ పది అడుగులు నడిచి ముందుకొచ్చి పిలవలేరా అని ప్రతి దెబ్బకూ కోపం పెరిగింది. దొడ్డి దాటి ముందుకు రావద్దని చెప్పింది నేనేనన్న మాట ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా నా బుర్రకు తట్టలేదు.

మూడో సాయంత్రం, పిల్లలు వెళ్ళిపోయాక, దొడ్డి గేటు దగ్గర నుంచి కేక వినబడింది.

"బాబుగారండీ…"

దింపు మనిషి గొంతు. పని అడగడానికి వచ్చాడనుకున్నాను. కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "రేపు రా" అన్నాను.

"చిన్న మాటండి. ఒక్క నిమిషమండి."

"రేపు రమ్మన్నానా!"

"ఆయ్."

మర్నాడు ఉదయం, ప్రదర్శన రోజు, మేకుకున్న తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఏం చేయాలో ముందుగా ఆలోచించుకోలేదు. వాళ్ళు నా దగ్గరికి రావాలి, అడగాలి, అంతే. పదింటికి ట్రక్కు ఆటోతో నలుగురూ వచ్చారు. డ్రమ్స్ అంతా కొట్టులోనే ఉంది. కాసేపటికి డ్రమ్స్ కుర్రాడు వెనక వసారా మెట్ల కింద నిలబడ్డాడు.

"తాళంచెవి మేకుకి లేదండి."

"లేదా?"

"మీరేమైనా తీసేరాండీ?"

అతను మామూలుగానే అడిగాడు. నన్ను దొంగను అడిగినట్టు అడిగాడనిపించింది నాకు.

"నాకేం పని? కనబడకపోతే వెతుక్కోండి."

వెతికారు. తులసి కోట చుట్టూ, అరటిచెట్ల మొదళ్ళలో, కాలువలో. అమ్మాయి చెప్పులు విప్పి గడ్డిలో కాళ్ళతో తడుముతోంది. అరగంట దాటింది. గిటారు కుర్రాళ్ళలో పెద్దవాడు వచ్చి, "తాళం పగలగొడతామండి. సాయంత్రానికి కొత్తది తెచ్చి వేసేస్తాం" అన్నాడు.

"మా తాతగారు వేయించిన తాళం అది. ఆ తలుపు మీద సుత్తి పడదు."

"అది కాదండీ, టైము…"

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఈ మొత్తంలో నేను చేసిన చెడ్డపని తాళంచెవి దాచడం అనుకునేవాణ్ణి చాలాకాలం. కాదు, ఈ మాట.

"నిన్న రాత్రి ఆఖర్న తాళం వేసిందెవరు?"

ముగ్గురూ తిరిగి డ్రమ్స్ కుర్రాడి వంక చూశారు.

"నేనే. మేకుకే పెట్టేను" అన్నాడు. మళ్ళీ, "పెట్టేననే అనుకుంటున్నాను" అన్నాడు.

"అనుకోవడమేంట్రా!" అన్నాడు పెద్దవాడు. గిటార్లతోనే నలుగురూ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. అమలాపురంలో ఎక్కడైనా డ్రమ్స్ అరువు దొరుకుతుందేమోనని వాళ్ళ ఆశ. క్రిస్మస్ నెలలో ఏ చర్చి డ్రమ్స్ ఆ చర్చికే కావాలి.

పన్నెండు దాటాక మా ఆవిడ ఒక కవరు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"నూతి గట్టు మీద, కొబ్బరికాయ కింద పెట్టి ఉంది. నిన్న సాయంత్రం ఆ ముసలాయన్ని రేపు రమ్మని తరిమారే, ఆయన పెట్టి వెళ్ళాడు కాబోలు."

అందులో కార్డు ఉంది. అచ్చు వేయించింది కాదు, చేత్తో రాసింది, అమ్మాయి అక్షరాలు. మొదటి ఆహ్వానం అని రాసి, కింద మా ఇంటి పేరుతో, సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి పిల్లల్ని ఆశీర్వదించాలని రాసి ఉంది. కార్డుకు నాలుగు మూలలా పసుపు. దింపు మనిషివాళ్ళు యేసుప్రభువును కొలిచేవాళ్ళు. వాళ్ళ కార్డులకు పసుపు రాయరు. మా ఇంటి ఆచారమని రాసి, పెద్దరికం తెలిసిన మనిషి పిలవాలని నలుగురూ డ్రమ్స్ కుర్రాడి తండ్రిని పంపారన్నమాట. ఆయన నేను చెప్పిన దారినే వచ్చాడు.

"తాళంచెవి దొరికిందా?" అంది మా ఆవిడ, నా మొహంలోకి చూస్తూ.

"లేదు."

అప్పటికింకా టైము ఉంది. ఒక్క ఫోను చేస్తే ఆటో వెనక్కి వచ్చేది. ప్రదర్శన సాయంత్రం ఆరింటికి. ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడ దొరికిందని చెప్పాలి? వసారా చూరులో అనాలా, గడ్డిలో అనాలా? ఏది చెప్పినా ఆ అమ్మాయి నమ్మినట్టు మాట్లాడుతుంది, నమ్మదు. ఆ మర్యాద ఊహించుకుంటేనే ఒళ్ళు మండింది. మూడింటి దాకా ఫోను పట్టుకునే ఉన్నాను. తర్వాత ఇంక చేసినా లాభం లేదని పెట్టేశాను. ఆ మాట అనుకోగానే హాయిగా కూడా అనిపించింది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

వీడియో మర్నాడు ఉదయానికే అందరి ఫోనుల్లోకి వచ్చింది. గోదావరి దాటించే పంటు మీద మోటారుసైకిళ్ళు ఎక్కించే మనిషి కేకతో మొదలయ్యే పాట. డ్రమ్స్ లేదు కాబట్టి అమ్మాయి అరచేత్తో మైకు స్టాండు మీద తట్టింది. హాల్లో జనం అందుకుని చప్పట్లు కొట్టారు. రెండో చరణానికి హాలంతా కొడుతోంది. అదే నచ్చింది హైదరాబాదు వాళ్ళకు. ఆ పాటే రికార్డు అయింది, డ్రమ్స్ లేకుండానే. తర్వాత విశాఖపట్నం, హైదరాబాదు, బెంగళూరు. ఇప్పుడు వాళ్ళని మనవాళ్ళని చెప్పుకోనివాళ్ళు కోనసీమలో లేరు.

రెండు రోజుల తర్వాత, తాళంచెవి వసారా చూరులో దొరికిందని చెప్పాను. డ్రమ్స్ కుర్రాడు ఒక్కడే వచ్చి, "దొరికిందాండీ, మంచిదండి" అని డ్రమ్స్ తీసుకెళ్ళాడు. కొన్ని నెలలు బ్యాండుతో తిరిగాడు. తర్వాత తిరగడం మానేసి మామిడికుదురు దగ్గర గ్యాస్ బావి మీద కాంట్రాక్టు పనిలో చేరాడని విన్నాను. ఎందుకు మానేశాడని నేను అడగలేదు. నాకు వేరే లెక్క కుదిరింది. తాళం వేసి ఉండబట్టే కదా ఆ చప్పట్లు, ఆ చప్పట్ల వల్లే కదా ఆ పాట అనుకున్నాను. నా తప్పే వాళ్ళని పైకి తెచ్చిందని రెండేళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను.

అమ్మాయి ఎక్కడ మాట్లాడినా, రాజోలు దగ్గర ఒక పెద్దాయన అద్దె కూడా తీసుకోకుండా మాకు చోటిచ్చారని చెప్పేది. దాంతో ఊళ్ళో నాకు మళ్ళీ నమస్కారాలు పెరిగాయి. ఎవరైనా, "ఆ పెద్దాయన మీరేనటండీ" అంటే, నేను "ఆఁ, పిల్లలు పైకి రావాలి కదా" అనేవాణ్ణి.

గత వేసవిలో రాజోలులో వాళ్ళ ప్రదర్శన పెట్టారు. ముగ్గురూ స్వయంగా వచ్చి పిలిచారు. నేను పట్టుపంచె కట్టుకుని వెళ్ళాను. స్టేజి మీదికి పిలిచి, అమ్మాయి శాలువా కప్పి నా కాళ్ళకు దండం పెట్టింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. కింద మూడో వరుసలో దింపు మనిషి కూడా లేచి కొడుతున్నాడు. పక్కన కొడుకు కూర్చునే ఉన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్టేజి మీద కొత్తగా వచ్చిన డ్రమ్స్ వాణ్ణి చూస్తున్నాడు. నన్ను చూడటం లేదు. నేను శాలువా సర్దుకుని మైకులో రెండు మాటలు కూడా మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయలేను.

మర్నాడు ఉదయం పేటకు వెళ్ళాను. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పక్కా ఇల్లు, నా ఇంటి వెనక భాగం కంటే బాగుంది. ముసలాయన కంగారుపడి కుర్చీ తుడిచి వేశాడు. కొడుకు డ్యూటీకి వెళ్ళబోతూ బూట్లు వేసుకుంటున్నాడు. నేను నిలబడే చెప్పాను. ముసలాయన్ని నువ్వు అనడానికి నోరు రాలేదు, మీరు అనడానికీ రాలేదు. అందుకని కొడుకుతోనే చెప్పాను.

"ఆ రోజు తాళంచెవి పోలేదు. నా దగ్గరే ఉంది."

"ఎందుకండీ ఇప్పుడవన్నీ" అన్నాడు ముసలాయన వెంటనే. "అయిపోయింది కదండీ. కాఫీ తాగండి."

"నాన్నా, నువ్వుండు" అన్నాడు కొడుకు. బూటు తాడు కట్టడం ఆపి, నా వంక చూశాడు. "మీ దగ్గరంటే?"

"జేబులో."

"మేం వెతుకుతున్నప్పుడూనా?"

"ఆఁ."

రెండో బూటు చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "మీరు దొరికిందని చెప్పేక కూడా నా మీద నాకు నమ్మకం కుదరలేదండి. నేనే మేకుకి పెట్టకుండా ఎక్కడో పడేసి ఉంటాననుకున్నాను. వాళ్ళూ అదే అనుకున్నారు. ఎవరూ తిట్టలేదండి. తిడితే బాగుండేది. ఎక్కడికెళ్ళినా బండెక్కే ముందు, 'ఒరేయ్, అన్నీ ఉన్నాయా చూసుకున్నావా' అని నన్నే అడిగేవోళ్ళు. బెంగళూరు బస్సులో కూడా అడిగేరు. చేతులు ఆగిపోయేయండి నాకు. తాళం తప్పుతున్నానని వాళ్ళు చెప్పక ముందే నేనే వచ్చేసేను."

కొట్టుకు తాళం వేసి ఉండబట్టే ఆ పాట పైకొచ్చింది కదా అన్న నా పాత ఓదార్పు నాలుక చివర దాకా వచ్చింది. అది కూడా అనేసేవాణ్ణేమో.

"ఆ వీడియో చూస్తారా మీరు?" అన్నాడు అతను. "ఎడమ పక్కన కర్టెన్ దగ్గర ఒక చెయ్యి కనబడుతుంది. చప్పట్లు మొదలెట్టింది ఆ చెయ్యేనండి. అది నాది. ఆ సంగతి ఎవరికీ తెలీదు."

నేను క్షమించమన్నాను. మా ఇంట్లో ఆ మాట నేర్పలేదు, సరిగా రాలేదు.

"నాకు కాదండి. వాళ్ళకి చెప్పండి" అన్నాడు.

"చెబుతాను. ఈ వారంలో…"

"ఇప్పుడండి."

ఫోను తీసి నొక్కి, స్పీకరు పెట్టి నా చేతికిచ్చాడు. ముసలాయన తల దించుకున్నాడు. ఇంకో అవమానం నాకు జరగకుండా అడ్డుపడాలని ఆయనకు ఉంది. కొడుకు మొహం చూసి ఊరుకున్నాడు.

"ఏరా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చేనా!" అంది అమ్మాయి నవ్వుతూ.

"నేనమ్మా" అన్నాను. నా గొంతు గుర్తుపట్టి, "అయ్యో, మీరాండీ! రాత్రి అలిసిపోయేరేమో" అని ఇంకా ఏదో అనబోతోంది. ఆ మర్యాదంతా అయ్యేదాకా ఆగితే మళ్ళీ చెప్పలేనని మధ్యలోనే చెప్పేశాను. తాళంచెవి, జేబు, ఆఖర్న తాళం వేసిందెవరని నేను అడగడం, అన్నీ. మూడు నాలుగు వాక్యాల్లో అయిపోయింది. అంత చిన్నదా అనిపించింది.

ఫోను ఆగిపోయిందేమోనని తెర చూశాను, నడుస్తూనే ఉంది.

"వాడు అక్కడే ఉన్నాడా?" అంది చివరికి. అండీ లేదు.

"ఉన్నాడమ్మా."

"ఫోను వాడికివ్వండి."

ఇచ్చాను. అతను స్పీకరు తీసేసి చెవి దగ్గర పెట్టుకుని, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా వాకిట్లోకి నడిచాడు. నేను కూర్చోవాలో వెళ్ళాలో తెలియక తుడిచిన కుర్చీ పక్కనే నిలబడ్డాను. కిటికీలోంచి అతని మాటలు అక్కడక్కడ వినబడుతున్నాయి.

"లేదే… లేదు, నిజంగా… నాకూ ఇప్పుడే తెలిసింది."